బంతులు లెక్కపెడుతున్నాం సరే, పిల్లల మూడ్ మాటేమిటి?

2024 డిసెంబర్ 28. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో నితీశ్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టగానే కెమెరాలు స్టాండ్స్‌లో ఉన్న ఆయన తండ్రి ముత్యాలరెడ్డిని వెతికి పట్టుకున్నాయి. విశాఖపట్నంలో హిందుస్థాన్ జింక్ ఉద్యోగం వదులుకుని కొడుకు ఆట వెంట నడిచిన తండ్రి ఆయన. కొడుక్కి అప్పటికి 21 ఏళ్లు. ఎనిమిదో స్థానంలో దిగి 114 పరుగులు చేశాడు. మెల్‌బోర్న్‌లో టార్నీట్ అయినా, సిడ్నీలో వెంట్‌వర్త్‌విల్ అయినా, ఆ రోజు టీవీ ముందు కళ్లు చెమర్చని తెలుగు ఇల్లు ఉండి ఉండదు.

ఆ కథకు ఇంకో పార్శ్వం ఉంది. చిన్నప్పుడు ఆటను అంత గట్టిగా పట్టించుకోలేదని, డబ్బు ఇబ్బందులతో తండ్రి కన్నీళ్లు పెట్టుకోవడం చూశాకే మారానని నితీశ్ తానే చెప్పాడు. అతనికి ఆ కన్నీళ్లు కసి పుట్టించాయి. అదే బరువు పన్నెండేళ్ల ఇంకో పిల్లవాడి మీద పడితే ఏమవుతుందన్నది మనం పెద్దగా మాట్లాడుకోం. గెలిచినవాడి కథ టీవీలో వస్తుంది. మధ్యలో ఆట మానేసి గదిలో తలుపు వేసుకున్నవాడి కథ ఆ ఇంటి గోడలు కూడా దాటదు.

ఆస్ట్రేలియాలో 2021 జనాభా లెక్కల నాటికి ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేల మంది. ఐదేళ్ల ముందు 2016 లెక్కల్లో 34 వేలు. ఎక్కువ మంది ఉద్యోగాల మీద వచ్చిన యువ దంపతులే కాబట్టి వాళ్ల పిల్లలు ఇప్పుడు సరిగ్గా ఆడే వయసుకు వచ్చారు. ఇటు 2032 ఒలింపిక్స్ బ్రిస్బేన్‌లో జరగబోతున్నాయి. అప్పటికి పద్దెనిమిది, ఇరవై ఏళ్లకు వచ్చేవాళ్లు ఇప్పుడు స్కూల్ యూనిఫాంలోనే ఉన్నారు. వాళ్లలో ప్రతిభ ఉన్నవాళ్లను ఏరడానికి రాష్ట్రాలు, క్లబ్బులు, ప్రైవేటు అకాడమీలు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. అవకాశం మంచిదే. పిల్లలు ఆడుకోవాలి, పోటీపడాలి, ఓడిపోవడం కూడా నేర్చుకోవాలి. నేను ఆటకు అడ్డం చెప్పడం లేదు. ఈ హడావుడిలో ఎవరూ చూడని లెక్క ఒకటి ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

కమిన్స్ వెన్ను చెప్పిన సంగతి

పాట్ కమిన్స్ 2011 నవంబర్‌లో జొహానెస్‌బర్గ్‌లో తొలి టెస్టు ఆడినప్పుడు అతని వయసు 18. రెండో ఇన్నింగ్స్‌లో ఆరు వికెట్లు తీశాడు, గెలుపు పరుగులూ అతనే కొట్టాడు. రెండో టెస్టు ఎప్పుడు ఆడాడో తెలుసా? 2017 మార్చిలో, రాంచీలో. మధ్యలో ఐదేళ్లకు పైగా గాయాలే, ముఖ్యంగా వెన్ను గాయాలు. ఎదిగే వయసులో ఫాస్ట్ బౌలర్ వెన్నుపూసలు ఎంత లోతుగా దెబ్బతింటాయో ఈ దేశానికి బాగా తెలుసు. అందుకే క్రికెట్ ఆస్ట్రేలియా జూనియర్ ఫాస్ట్ బౌలర్లకు వయసును బట్టి ఓవర్లకు పరిమితులు పెట్టింది. అండర్-13 మ్యాచ్‌లో మీ అబ్బాయి ఎంత బాగా వేస్తున్నా, అతని ఓవర్లు అయిపోతే కోచ్ బంతి తీసుకుని ఇంకొకరికి ఇచ్చేస్తాడు. గట్టు మీద కూర్చున్న నాన్నలకు అప్పుడప్పుడు అది చిరాకు పుట్టించినా, ఎవరూ గొడవ చేయరు. ఎముక విరిగితే స్కాన్‌లో కనబడుతుంది కదా.

మనసు అలిసిపోతే ఏ స్కానూ చూపించదు. దానికి ఓవర్ల పరిమితి లేదు. చిత్రమేమిటంటే, పిల్లవాడు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ సాధన చేస్తున్నాడని అందరికంటే ముందు చెప్పేది ఆ మనసే. ఇది నాలాంటివాళ్ల ఊహ కాదు. నలభై ఏళ్లుగా క్రీడా శాస్త్రం పదేపదే తేల్చిన విషయం.

మూడ్‌కీ ఓ కొలత ఉంది

అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో విలియం మోర్గన్ బృందం పదేళ్లపాటు దాదాపు 400 మంది ఈతగాళ్లను గమనించి 1987లో ఆ ఫలితాలు ప్రచురించింది. వాళ్లు వాడింది పెద్ద యంత్రమేమీ కాదు, కాగితం మీద ఒక ప్రశ్నావళి. మూడ్‌ను ఆరు ముక్కలుగా కొలుస్తుంది: ఆందోళన, దిగులు, కోపం, ఉత్సాహం, అలసట, గందరగోళం. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న క్రీడాకారుడిలో ఉత్సాహం సగటు కంటే బాగా పైన ఉంటుంది, మిగతా ఐదూ కిందే ఉంటాయి. గీత గీస్తే సముద్రంలో మంచుకొండ శిఖరం ఒక్కటే పైకి తేలినట్టు కనిపిస్తుంది. అందుకే దానికి ఐస్‌బర్గ్ ప్రొఫైల్ అని పేరొచ్చింది.

ఈత దూరం పెంచుతూ పోయేకొద్దీ ఆ కొండ కరుగుతుంది. ఉత్సాహం కిందికి, అలసట, దిగులు, చిరాకు పైకి. మరీ ఎక్కువైతే బొమ్మ తలకిందులవుతుంది. సాధన తగ్గిస్తే మెల్లగా మళ్లీ మొదటి ఆకారానికి వస్తుంది. అంటే ఎంత మోతాదుకు అంత ప్రభావం. మందు మోతాదు పెరిగితే దుష్ఫలితాలు పెరిగినట్టే.

ఇక ఆస్ట్రేలియా సంగతికొస్తే, ఈ విషయంలో ఈ దేశం చేసిన పని తక్కువేం కాదు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్యూ హూపర్, లారెల్ మెకినన్ తదితరులు 14 మంది అగ్రశ్రేణి ఈతగాళ్లను ఆరు నెలలపాటు వెంబడించి 1995లో ఒక పత్రం ప్రచురించారు. నిద్ర, అలసట, ఒత్తిడి, కండరాల నొప్పి గురించి ఈతగాళ్లు రోజూ తమకు తామే వేసుకున్న మార్కులు, ఎవరు అతిసాధనలోకి జారుతున్నారో ముందుగానే సూచించాయి. మెల్‌బోర్న్‌లోని డీకిన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆనా సా, లువానా మెయిన్, పాల్ గాస్టిన్ అప్పటివరకు వచ్చిన 56 అధ్యయనాలను ఒకచోట పెట్టి చూశారు. రక్తపరీక్షలు, గుండె వేగం లాంటి కొలతలకంటే, ఆటగాడు తన గురించి తాను చెప్పే మాటే సాధన భారాన్ని బాగా పసిగడుతోందని తేల్చారు. లక్షలు పోసి కొన్న పరికరం కంటే "ఇవాళ ఎలా ఉంది?" అన్న ప్రశ్నకు నిజాయతీగా వచ్చిన జవాబు నయమన్నమాట.

పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు పెద్దల ప్రశ్నావళి కుదరదు కాబట్టి వాళ్లకు సరిపోయేలా 24 పదాలతో ఒక చిన్న ప్రశ్నావళి 1999లో వచ్చింది. బ్రూనెల్ మూడ్ స్కేల్ అంటారు. దాన్ని తయారుచేసిన బృందంలో ముఖ్యుడు పీటర్ టెర్రీ, ఆ తర్వాత చాలా ఏళ్లు యూనివర్సిటీ ఆఫ్ సదరన్ క్వీన్స్‌లాండ్‌లోనే పనిచేశాడు. కావాల్సిన పనిముట్లన్నీ మన పెరట్లోనే ఉన్నాయి. పెరటి మొక్క వైద్యానికి పనికిరాదన్న సామెత ఉండనే ఉంది.

అయితే ఒక జాగ్రత్త. అలసట అంతా రోగం కాదు. కష్టపడి సాధన చేశాక రెండు మూడు రోజులు ఒళ్లు బరువుగా ఉండటం, కాస్త విసుక్కోవడం మామూలే. విశ్రాంతి తీసుకుంటే ముందుకంటే బాగా ఆడతారు కూడా. యూరప్, అమెరికా క్రీడావైద్య సంస్థలు కలిసి 2013లో ఇచ్చిన ఉమ్మడి ప్రకటన ఇక్కడే మెట్లు వేసి చూపించింది. కొన్ని రోజుల్లో తేరుకుంటే అది మామూలు సాధనే. వారాలు, ఒక్కోసారి నెలలు పట్టి, ఆ మధ్యలో ఆట దిగజారితే హద్దు దాటినట్టు. అంతకంటే ఎక్కువ కాలం తేరుకోలేకపోతే దాన్ని ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్ అంటారు. దీన్ని పట్టే రక్తపరీక్ష ఏదీ లేదు. మిగతా జబ్బులేవీ కావని ఒక్కొక్కటిగా తీసేశాకే డాక్టర్లు ఆ మాట అంటారు. మొదటి మెట్టు నుంచి రెండో మెట్టుకు ఎక్కేటప్పుడు చప్పుడు ఏమీ వినబడదు. మూడ్ మారడం ఒక్కటే కనబడుతుంది.

మొత్తం లెక్క ఎవరి దగ్గరుంది?

ఒక పదమూడేళ్ల అబ్బాయి వారం ఊహించుకుందాం. ఊహే అయినా చాలామందికి సొంత ఇంటి క్యాలెండర్‌లా కనబడితే నా తప్పు కాదు. సోమవారం మ్యాథ్స్ ట్యూషన్. మంగళవారం క్లబ్ నెట్స్. బుధవారం ప్రైవేటు బ్యాటింగ్ కోచ్ దగ్గర గంట. గురువారం మళ్లీ క్లబ్. శుక్రవారం సాయంత్రం మృదంగం. శనివారం మ్యాచ్, అంటే దాదాపు పగలంతా ఎండలో. ఆదివారం పొద్దున రెప్రజెంటేటివ్ స్క్వాడ్ ప్రాక్టీస్, మధ్యాహ్నం సెలెక్టివ్ స్కూల్ మాక్ టెస్టు. సాయంత్రం ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం. రాత్రి పదిన్నరకు హోంవర్క్.

క్లబ్ కోచ్‌ని అడిగితే, "వారానికి రెండే సెషన్లు, అంతే కదా" అంటాడు. ప్రైవేటు కోచ్‌ది ఒక్క గంట. స్క్వాడ్ వాళ్లది ఒక్క ఉదయం. ట్యూషన్ మాస్టారికి క్రికెట్ ఉందనే తెలియదు. ఎవరి మటుకు వాళ్లు చెప్పేది సబబుగానే ఉంటుంది. కూడిక మాత్రం ఎవరూ చేయరు. ఆ కూడిక తెలిసింది పిల్లవాడి ఒంటికి ఒక్కదానికే. అది మాటల్లో చెప్పలేక మూడ్ రూపంలో చెబుతుంది. పరీక్ష ఒత్తిడి వేరు, ఆట ఒత్తిడి వేరు అని మనం రెండు డబ్బాల్లో వేసుకుంటాం గానీ ఒంటికి ఆ తేడా తెలియదు. న్యూ సౌత్ వేల్స్‌లో ఆరో తరగతి, విక్టోరియాలో ఎనిమిదో తరగతి సెలెక్టివ్ పరీక్షల ఏడాది. క్లబ్ నుంచి ప్రతినిధి జట్లకు ఎంపికలు మొదలయ్యేదీ ఇంచుమించు ఆ వయసుల్లోనే.

పిల్లల క్రీడావైద్యులు ఒక తేలిక లెక్క చెబుతుంటారు: వారానికి ఆట సాధన గంటలు పిల్లల వయసును మించకూడదు. పదమూడేళ్లకు పదమూడు గంటలు, మ్యాచ్‌తో కలిపి. దానికి తోడు, కోచ్ ఉన్న ఆట రెండు గంటలైతే ఏ కోచూ లేని ఆట కనీసం ఒక గంట ఉండాలి. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి ఇవ్వమంటోంది, ఏడాదిలో రెండు మూడు నెలలు ఆ ఆటకే దూరంగా ఉంచమంటోంది. మన దగ్గర వేసవి క్రికెట్ ముగియగానే శీతాకాలం ఇండోర్ నెట్స్ మొదలవుతాయి. దూరంగా ఉండే నెలలు ఎక్కడివి? నిద్ర సంగతి సరేసరి. పద్నాలుగు నుంచి పదిహేడేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటలు, అంతకంటే చిన్నవాళ్లకు తొమ్మిది నుంచి పదకొండు గంటలు అని ఆస్ట్రేలియా ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి.

అసలు ఉచ్చు ఇక్కడుంది. భారం ఎక్కువైతే ఆట దిగజారుతుంది. నిరుడు అలవోకగా కొట్టిన షాట్ ఇప్పుడు కుదరదు. పరుగులో చురుకు తగ్గుతుంది. మనకు అది బద్ధకంలా కనబడుతుంది. "శ్రద్ధ తగ్గింది, ఫోన్ ఎక్కువైంది" అనుకుంటాం. ఇంకో సెషన్ కలుపుతాం. కాలిన చోటే కారం చల్లినట్టు.

పీవీ సింధు కథ ఇక్కడ తరచూ సాక్ష్యంగా వస్తుంది. 2016 రియో ఒలింపిక్స్‌కు ముందు మూడు నెలలు గోపీచంద్ ఆమె ఫోన్ తీసేసుకున్నాడని, ఐస్‌క్రీం కూడా తిననివ్వలేదని తెలుగు ఇళ్లలో చెప్పుకోనివాళ్లు లేరు. నిజమే. కానీ అప్పటికి సింధుకు 21 ఏళ్లు. పక్కన కోచ్, ఫిజియో, ఆహార నిపుణులు. ఒలింపిక్స్ అయ్యాక ఫోనూ తిరిగొచ్చింది, ఐస్‌క్రీమూ తిరిగొచ్చింది. మూడు నెలల కఠోర నియమాన్ని మనం పన్నెండేళ్ల పిల్లకు మూడేళ్ల టైమ్‌టేబుల్‌గా మారుస్తున్నాం. సగం కథే అరువు తెచ్చుకుంటే ఇలాగే ఉంటుంది.

పరుగు చూసి మెచ్చుకున్నారు

మెగ్ లానింగ్ పేరు క్రికెట్ చూసే ప్రతి ఇంట్లో తెలుసు. కెప్టెన్‌గా ఐదు ప్రపంచకప్‌లు గెలిచింది. 2022లో కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన కొద్ది రోజులకే ఆటకు విరామం ప్రకటించింది. 2023 నవంబర్‌లో, 31 ఏళ్లకే అంతర్జాతీయ క్రికెట్ వదిలేసింది. ఎందుకో అప్పుడు ఎవరికీ తెలియలేదు. 2024లో ఒక ఇంటర్వ్యూలో తానే చెప్పింది. వారానికి 85, 90 కిలోమీటర్లు పరుగెత్తేదట, దానికి తగ్గట్టు తినేది కాదట. నిద్ర పోయింది, మూడ్ పోయింది, మనుషులకు దూరమైంది. బయటివాళ్లకు కనబడింది మాత్రం క్రమశిక్షణ. అంత పరుగెత్తే కెప్టెన్‌ను చూసి ఎవరైనా మెచ్చుకుంటారే గానీ, ఆగమని ఎందుకంటారు? పరుగు ఆమెకు తప్పించుకునే దారి అయింది. లానింగ్ పెద్దది, ప్రొఫెషనల్, చుట్టూ డాక్టర్లున్న జట్టులో ఉన్నది. అయినా ఇలా జరిగింది.

ఇయాన్ థోర్ప్ కథ ఇంకా బాధ పెడుతుంది. 1998లో పెర్త్‌లో 15 ఏళ్లకే ప్రపంచ చాంపియన్. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు. 24 ఏళ్లకు రిటైర్మెంట్. టీనేజీ నుంచే తనను కుంగుబాటు వెంటాడిందని, ఆ సంగతి ఇంట్లోవాళ్లకూ తెలియనివ్వలేదని 2012లో తన ఆత్మకథలో బయటపెట్టాడు. సాధన వల్లే అలా అయిందని నేను అనడం లేదు, అలా తేల్చేయడం తప్పు కూడా. నన్ను ఆపింది రెండో మాట. రోజూ పతకాలు చూసిన కళ్లకు కూడా లోపలిది కనబడలేదు. "మా వాడి గురించి మాకు తెలియదా?" అనే నమ్మకం మనలో చాలామందికి ఉంటుంది. అది అంత గట్టిదేం కాదు.

ఆష్ బార్టీ దారి వేరు. 15 ఏళ్లకు వింబుల్డన్ జూనియర్ టైటిల్, 18 ఏళ్లకు, 2014లో, టెన్నిస్‌కు సెలవు. ప్రయాణాలు, అంచనాలు, ఒంటరితనం భరించలేకపోయింది. బ్రిస్బేన్ హీట్ జట్టుకు క్రికెట్ ఆడింది, 2016లో టెన్నిస్‌కు తిరిగొచ్చి మూడు గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ టైటిల్స్ గెలిచింది, ప్రపంచ నంబర్ వన్‌గా ఉండగానే 2022 మార్చిలో, 25 ఏళ్లకు, చాలనుకుంది. ఈ కథ చెప్పగానే ఒక ప్రమాదం ఉంది: "సరే, ఏడాది విరామం ఇస్తే గ్రాండ్‌స్లామ్ వస్తుందా?" అని అడిగే నాన్న తప్పకుండా ఉంటాడు. రాకపోవచ్చు. విరామం తీసుకున్న ప్రతి పిల్లా బార్టీ కాదు. కొందరు మళ్లీ ఆ ఆట వైపే చూడరు. అదీ సరైన ఫలితమే అని ఒప్పుకోగలిగినప్పుడే ఆ విరామానికి అర్థం ఉంటుంది.

ఆస్ట్రేలియా వ్యవస్థలకూ ఇది తేలిగ్గా అర్థం కాలేదు. 2021 మేలో ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్ జిమ్నాస్టిక్స్‌పై ఇచ్చిన నివేదిక, ఎలాగైనా గెలవాలన్న ధోరణి చిన్నపిల్లలను ఎలా నలిపిందో బయటపెట్టింది. 2022 జనవరిలో ఈత క్రీడలో మహిళలు, బాలికల అనుభవాలపై స్వతంత్ర కమిటీ 46 సిఫార్సులు చేసింది. పై స్థాయి క్రీడాకారులకు ఇప్పుడు మానసిక నిపుణుల యంత్రాంగం ఉంది. మన పిల్లలు ఆడేది పై స్థాయిలో కాదు. శనివారం పొద్దున కౌన్సిల్ గ్రౌండ్‌లో. అక్కడ కోచ్ చాలాసార్లు ఇంకో పిల్లవాడి నాన్నే. ఆయన్ను తప్పుపట్టలేం. ఆయన తన సెలవు రోజు మనకు ఇస్తున్నాడు.

కారులో అడగాల్సిన మాట

మరి కూడిక చేయాల్సింది ఎవరు? డ్రైవింగ్ సీట్లో కూర్చున్న మనిషి. ట్యూషన్‌కూ, నెట్స్‌కూ, మృదంగానికీ దింపేది ఆ మనిషే. వారం మొత్తం కళ్లారా చూసేది అమ్మో నాన్నో మాత్రమే.

"ఎలా ఉన్నావు కన్నా?" అంటే "ఫైన్" అని జవాబొస్తుంది. ఆ మాటతో సంభాషణ ముగిసిపోతుంది. అందుకే జట్లు అంకెల్లో అడుగుతాయి. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ ఆటగాళ్లతో చేసిన ఒక అధ్యయనం 2010లో ప్రచురితమైంది. అందులో వాడిన చిన్న ప్రశ్నావళి ఆ తర్వాత ఎన్నో జట్లకు పాకింది. అలసట, నిద్ర, కండరాల నొప్పి, ఒత్తిడి, మూడ్. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు వరకు మార్కు. ఐదంటే బాగున్నట్టు. నిమిషం పట్టదు. ఇంట్లోనూ చేయొచ్చు. ఫ్రిజ్ మీద కాగితం అంటించినా సరే, వారంలో మూడు రోజులు, ఒకే వేళకు. ఒక్క రోజు అంకెకు అర్థం లేదు. ఆ పిల్లకు మామూలుగా నాలుగు ఉండేది రెండు వారాలుగా రెండే ఉంటోందా, అది చూడాలి. పక్కింటి పిల్ల మార్కుతో పోల్చడానికి ఇది యూనిట్ టెస్టు కాదు.

ఇందులో మెలిక ఏమిటంటే, పిల్లలు తెలివైనవాళ్లు. రెండు వేస్తే జట్టులోంచి తీసేస్తారని తెలిస్తే అయిదే వేస్తారు. ప్రొఫెషనల్ ఆటగాళ్లే ఆ పని చేస్తారు. ఇంట్లో రెండు వేసినప్పుడు, "ఇంత ఫీజు కడుతుంటే ఇదా?" అన్నారో, ఇక జన్మలో నిజం రాయరు. మ్యాచ్ ఓడి కారెక్కిన పది నిమిషాల్లో అసలు అడగకూడదు. ఆ వేళ ఇడ్లీ గురించి మాట్లాడుకోవచ్చు.

అంకెలు రాయించడం ఇష్టం లేని ఇళ్లలో కళ్లు చాలు. నెట్స్ బ్యాగ్ తనే ముందు రోజు సర్దుకునే పిల్లవాడు ఇప్పుడు మూడుసార్లు పిలిస్తే గానీ లేవడం లేదా? చెల్లెలి మీద అయినదానికీ కానిదానికీ అరుస్తున్నాడా? ఆదివారం సాయంత్రం కడుపునొప్పి వస్తోందా? పడుకున్నా నిద్ర పట్టడం లేదంటోందా? తోటివాళ్లు నవ్వుతున్నప్పుడు ఒక్కతే పక్కకు వెళ్లి కూర్చుంటోందా? ఇవి ఒక్కొక్కటిగా చూస్తే టీనేజీ. రెండు మూడు కలిసి, దాంతోపాటు ఆట కూడా దిగజారితే, ముందు చేయాల్సింది ఒక సెషన్ కోసేయడం. ఆ ఫోన్ కోచ్‌కు పెద్దవాళ్లే చేయాలి, పిల్లవాడితో చెప్పించకూడదు. "ఈ రెండు వారాలు ఆదివారం రాడండీ" అంటే చాలు, సంజాయిషీ అక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చిన తాతయ్య, "మా రోజుల్లో ఐదు మైళ్లు నడిచి బడికెళ్లేవాళ్లం" అంటే, నిజమే తాతయ్యా, కానీ తిరిగొచ్చాక మీకు మాక్ టెస్టు ఉండేది కాదు కదా అని నవ్వి ఊరుకోవచ్చు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

విశ్రాంతి ఇచ్చాక రెండు వారాలకూ మార్పు లేకపోతే జీపీ దగ్గరికి తీసుకెళ్లాలి. అతిసాధన, కుంగుబాటు పైకి కవలల్లా ఉంటాయి. రెండూ కలిసి ఉండనూ వచ్చు. ఇంట్లో కూర్చుని తేల్చేది కాదు. ఐరన్ తక్కువైనా, థైరాయిడ్ తేడా వచ్చినా, వైరస్ జ్వరం తర్వాతి నీరసమైనా ఇలాగే కనబడొచ్చు. శాకాహారం తినే మన ఆడపిల్లల్లో ఐరన్ సంగతి ప్రత్యేకంగా అడగాలి. ఇంత ఎండ ఉన్న దేశంలోనూ మన చర్మఛాయ వాళ్లకు విటమిన్ డి తక్కువుండటం మామూలే. ఆడే అమ్మాయికి నెలసరి ఆగిపోతే, "ఆటల్లో ఇది మామూలే" అని ఎవరు చెప్పినా నమ్మవద్దు. తిండికి మించి ఒళ్లు ఖర్చవుతోందనడానికి అది పెద్ద గుర్తు.

మెడికేర్ ఉన్నవాళ్లకు జీపీ మెంటల్ హెల్త్ ట్రీట్‌మెంట్ ప్లాన్ రాస్తే ఏడాదికి 10 సైకాలజిస్టు సెషన్ల వరకు రాయితీ వస్తుంది. 12 నుంచి 25 ఏళ్లవారి కోసం హెడ్‌స్పేస్ కేంద్రాలున్నాయి. పిల్లలే నేరుగా మాట్లాడాలనుకుంటే కిడ్స్ హెల్ప్‌లైన్ 1800 55 1800, పగలూ రాత్రీ పలుకుతుంది. పెద్దలకు లైఫ్‌లైన్ 13 11 14, బియాండ్ బ్లూ 1300 22 4636. ఇంగ్లిషులో ఇలాంటివి చెప్పుకోవడం కష్టమనుకునే అమ్మలు 131 450కి చేసి దుబాసీని అడగొచ్చు. చనిపోవాలనుందన్న మాట పిల్లల నోట వస్తే, సరదాకన్నా సరే, తేలిగ్గా తీసుకోవద్దు, ఆ రోజే సాయం కోరాలి. ప్రాణాపాయం అనిపిస్తే 000.

"రికార్డులో ఎక్కుతుందేమో, రేపు సంబంధాలప్పుడు..." అనే గుసగుస నేను మన వాళ్ల నోట విన్నాను. పద్నాలుగేళ్ల పిల్లకు సంబంధం గురించి ఇప్పటినుంచే బెంగపడేవాళ్లకు నా దగ్గర జవాబు లేదు. వైద్యుడి గదిలో చెప్పింది ఆ పిల్ల ఆరోగ్య సమాచారం. వ్రతానికి వచ్చినవాళ్లకు దాంతో పనిలేదు.

మన తెలుగు సంఘాలు కూడా ఒకటి చేయొచ్చు. ఉగాది వేదిక మీద రాష్ట్ర జట్టుకు ఎంపికైన పిల్లలకు శాలువా కప్పుతాం. మంచిదే. సంఘం నడిపే టోర్నమెంట్లలో ఒకే పిల్లవాడు ఒకే వారాంతం అండర్-14కూ, అండర్-16కూ, పెద్దల జట్టుకూ ఆడకుండా చూసే నిబంధన పెట్టడానికి డబ్బు ఖర్చేం కాదు. నిర్వాహకులకు కాస్త మొహమాటం తగ్గాలి, అంతే.

ఇక కొత్త టర్మ్‌కు అకాడమీ ఫీజు కట్టేముందు అడగాల్సినవి రెండున్నాయి. ఏడాదిలో ఎన్ని వారాలు మీరే సెలవు ఇస్తారు? మా పాప అలసిపోయానని చెప్పాలంటే ఎవరికి చెప్పాలి, చెబితే ఆమె స్థానం పోతుందా? వీటికి తడుముకోకుండా జవాబు చెప్పలేని చోట, కార్డు తీసేముందు ఇంకో రెండు అకాడమీల్లో విచారించుకోండి.